గర్భిణి బీపీకి బియ్యం లెక్క చాలదు

గర్భిణికి బీపీ పెరిగిందనగానే ఇంట్లో మొదట వినిపించేది ‘ఉప్పు తగ్గించు’, ఆ వెంటనే ‘పచ్చడి మానెయ్’. ఆ రెండూ తీసేశాక కంచంలో ఇంకేం మిగిలిందని ఎవరూ అడగరు. 20 వారాలు దాటాక కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు 140/90 వస్తే, మూత్రంలో ప్రొటీన్ కూడా పోతుంటే, అది ప్రీఎక్లాంప్సియా. ముదిరితే ఫిట్స్, అదే పెద్దలు చెప్పే గుర్రపువాతం. ఇదంతా పాత పాఠమే. కంచం సంగతే కొత్తగా చెప్పాల్సి వస్తోంది.

2013 ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం. మనకు ధాన్యమంటే బియ్యమే. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో కాల్షియం ఏడెనిమిది మిల్లీగ్రాములు. ఐదు కిలోలూ కలిపినా 400 దాటదు. గర్భిణికి రోజుకు కావాల్సింది 1000. అంటే నెల రేషన్ ఒక పూటకు సరి!

కాల్షియం గొడవ ఎందుకంటారా? గ్వాటెమాలాలో మాయా తెగ స్త్రీలు కటిక పేదలు, అయినా వాళ్లలో గుర్రపువాతం తక్కువ. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో నానబెట్టి వండుకోవడం, ఆ సున్నంలోని కాల్షియం ఒంట్లోకి పోవడమే కారణం కావచ్చని 1980లో బెలిజాన్, విల్లార్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. కాల్షియం తక్కువ తినే చోట్ల గర్భిణులకు రోజుకు 1.5 నుంచి 2 గ్రాములు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. బెంగళూరులో 11,000 మందిపై జరిపి 2024లో వెల్లడించిన ట్రయల్‌లో ప్రీఎక్లాంప్సియాను అడ్డుకోవడంలో 500 మిల్లీగ్రాముల మోతాదు 1500కు ఏమీ తీసిపోలేదు. అంటే ఇది ఖజానాను ముంచే ఖర్చేమీ కాదు.

బీపీ తిండి ఎక్కువైనవాళ్ల జబ్బు కదా అనేవాళ్లున్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు కరువులో జర్మనీలో ఎక్లాంప్సియా, అంటే ఈ గుర్రపువాతమే, తగ్గిందన్నదీ వాస్తవమే. ఊబకాయం, తొలి కాన్పు, కవలలు, ముప్పు పెంచేవి చాలా ఉన్నాయి. కానీ తిండికి కటకటలాడే ఇంట్లోనూ లావు పెరుగుతారు. అన్నం తప్ప మరొకటి లేకపోతే జరిగేది అదే.

కాల్షియం మాత్రలిస్తున్నాం కదా అంటుంది ప్రభుత్వం. ఇస్తోంది, 14వ వారం నుంచి రోజుకు రెండు, ఒక్కోటి 500 మిల్లీగ్రాములు. వాటిని భోజనంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపున వేస్తే మంట. ఐరన్ మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఐరన్ ఒంటబట్టదు. ఈ లెక్క కుదరాలంటే రోజుకు రెండు పూటల నిండు భోజనం ఉండాలి. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే కోడలు రెండు రకాలూ రాత్రి ఒకేసారి మింగేస్తుంది. నాలుగు రోజులకు మలబద్ధకం పట్టుకుంటుంది, స్ట్రిప్ అటకెక్కుతుంది.

కొలతలోనూ పేదరాలికే నష్టం. బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ, అదే కఫ్, దానిలోని గాలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టాలి. 21 సెంటీమీటర్ల బక్కచేతికి మామూలు పెద్దవాళ్ల కఫ్ బిగిస్తే రీడింగ్ అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. 140 ఉన్నామె కార్డులో 130 అని రాసుకుని ఇంటికి వెళ్తుంది. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకు ఆనుకోనిచ్చి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూస్తే సగం తప్పులు పోతాయి. మిగతా సగానికి ప్రతి ఉపకేంద్రంలో ఒక చిన్న కఫ్ కావాలి.

అసలు జబ్బు మన రాజకీయాలది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలైన నాటి నుంచి తెలుగునాట ఆకలిని బియ్యంతోనే తూస్తున్నారు. పార్టీలు మారాయి, ధర మారింది, కోటా మారింది, సన్నబియ్యం వచ్చింది, కంచం మాత్రం తెల్లగానే ఉంది. సంగటి ముద్ద తిన్న సీమ పల్లెలను సైతం బియ్యం క్యూలో నిలబెట్టాం. తెలంగాణ ఆరోగ్యలక్ష్మిలో అంగన్‌వాడీలోనే అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టడం సరైన పద్ధతి, ఆ గ్లాసులో 240 మిల్లీగ్రాముల కాల్షియం ఆమె కడుపులోకే పోతుంది. సరుకులు ఇంటికిస్తే అవి ఇంటిల్లిపాదివీ అవుతాయి.

రేషన్‌లో ఒక్క కిలో మార్చి చూడండి. నాలుగు కిలోల బియ్యం, కిలో రాగులు. నెలకు 400 లోపున్న కాల్షియం దాదాపు 3900 అవుతుంది. కాల్షియాన్ని ఒంటబట్టనివ్వని ఫైటేట్ అనే పదార్థం రాగుల్లో ఉండి కొంత అడ్డుపడుతుంది నిజమే, నానబెట్టి, మొలకెత్తించి పిండి పట్టిస్తే ఆ అడ్డూ తగ్గుతుంది.