సాయం ఎవరి పేరు మీద?

(అనంతపురం జిల్లాలో ఒక మెట్ట గ్రామం. అక్క తన మూడెకరాల్లో ప్రకృతి సేద్యం చేస్తుంది. తమ్ముడికి సొంతం ఎకరం, కౌలు నాలుగెకరాలు. ప్రభుత్వ సాయం కోసం తిరగడం చిన్న రైతుకు లాభమా, కాదా అన్నది వాదం.)

అక్క: సాయం అనగానే నీకు పీఎం కిసాన్ కింద ఏడాదికి మూడు విడతల్లో పడే 6,000 రూపాయలే గుర్తొస్తాయి. నేలనూ నీటినీ కాపాడే సాయం వేరే ఉంది. అది అడగవేం?

తమ్ముడు: అడగాలంటే పని మానుకోవాలి. ఆధార్ ఒకచోట, బ్యాంకు ఖాతా మరోచోట సరిచేయించుకోవాలి. ప్రభుత్వ ఆన్‌లైన్ భూరికార్డు వెబ్‌ల్యాండ్‌లో విస్తీర్ణం తేడా వస్తే తహసీల్దారు కార్యాలయానికి పోవాలి. పోయిన కూలి ఎవరిస్తారు?

అక్క: తిరుగుడు ఉంది, కాదనను. కానీ వాన బాగా తక్కువ పడే జిల్లా మనది. ఐదెకరాల లోపు రైతుకు బిందు సేద్యానికి కేంద్ర మార్గదర్శకాల ప్రకారమే 55 శాతం రాయితీ. దాని మీద రాష్ట్రం ఇంకా కలుపుతుంది. వదులుకుంటావా?

తమ్ముడు: బోరు ఉన్నది కౌలు పొలంలో, అక్కా. దరఖాస్తుకు పాసుపుస్తకం కావాలి. అది యజమాని దగ్గరుంది.

అక్క: పంట రుణానికైనా, రాష్ట్రం 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం తీసుకో.

తమ్ముడు: అది పదకొండు నెలల పత్రం. దానికీ యజమాని సంతకమే కావాలి. పెడితే భూమి చేజారిపోతుందని ఆయన భయం. సకాలంలో తీరిస్తే బ్యాంకు పంట రుణానికి ఏడాదికి 4 శాతం వడ్డీ. ఆ పత్రం లేక నేను తెచ్చేది నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి. ఆ 6,000 కూడా నా ఎకరం వల్లనే వస్తోంది, సెంటు భూమి లేని కౌలుదారుకు అదీ లేదు. వచ్చే ఏడు ఆ పొలం నాకిస్తారో లేదో తెలియనప్పుడు, ఆ మట్టికి నేనెందుకు సేవ చేయాలి?

అక్క: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. తొలకరికి ముందే, మట్టి, బూడిద వంటివాటితో పైపూత పట్టించిన నవధాన్యాల విత్తనాలు పొడి నేలలో చల్లితే కొద్దిపాటి వానకే మొలుస్తాయి. నేలకు పచ్చని కప్పు, పశువులకు మేత. ఫలం ఆ ఏడే నీకొస్తుంది. మా మహిళా సంఘంలో ఇది నేర్పినప్పుడు నన్నెవరూ పాసుపుస్తకం అడగలేదు.

తమ్ముడు: మేత మాట బాగుంది. పెట్టుబడి మాటేమిటి?

అక్క: సంతకం కోసం పట్టుబట్టు. రైతు సేవా కేంద్రం నుంచి వ్యవసాయ సహాయకుణ్ణి వెంటబెట్టుకుని నేనూ వస్తాను. యాజమాన్య హక్కుకు భంగం లేదని చట్టంలోనే ఉంది. ఆయన ముందే చదివిద్దాం.

తమ్ముడు: ఆయన దయ మీద నా రుణం ఎందుకు ఆధారపడాలి? ప్రభుత్వ పంట నమోదు ఈ-పంటలో సాగు చేసేవాడి పేరు రాస్తున్నారు కదా, ఆ నమోదే చాలని ఎందుకు అనరు?

అక్క: న్యాయమైన ప్రశ్న. గ్రామసభలో నువ్వే అడుగు, పక్కన నేను నిలబడతాను. సంతకం మాత్రం ఖరీఫ్‌కు ముందే కావాలి. రేపు ఉదయం వెళ్దాం.

తమ్ముడు: వస్తాను. ఆయన పెట్టకపోతే మాత్రం నవధాన్యాలు నా ఎకరంలోనే చల్లుతాను, ఆ నాలుగెకరాల్లో కాదు.