సవరణ: నేను చెప్పిన ‘గూఢచారి’ కృష్ణ గారిది కాదు

మొన్నటి పోస్టులో ‘గూఢచారి చూశాక మిగతా తెలుగు స్పై సినిమాలు ఆనడం లేదు’ అని రాశాను. మా కర్నూలు పెద్దలు కొందరు అది కృష్ణ గారి సినిమా అనుకొని సంబరపడ్డారు. ఆయనది 1966 నాటి ‘గూఢచారి 116’. నేనన్నది 2018లో వచ్చిన అడివి శేష్ సినిమా. పోస్టులో ఏడాది చేర్చాను.

ఇంకోటి. ‘ఫైట్లు ఎక్కువైతే స్పై కథ చచ్చిపోతుంది’ అన్నందుకు, ‘కొండారెడ్డి బురుజు కాడ ఒక్కడు ఫైటు కూడా నచ్చదా అన్నా?’ అని ఒక తమ్ముడు నిలదీశాడు. నచ్చకేమప్పా! ఈ ఊర్లో పుట్టి ఆ సీనుకు ఈల వేయనోడు ఎవడు? కానీ అక్కడ హీరో కొట్టేది ఊరంతా చూడాల. గూఢచారి పని ఎవరి కంటా పడకుండా జరిగిపోవాల. అందుకే ‘ఫ్యామిలీ మ్యాన్’ వెబ్ సిరీస్‌లో గూఢచారి శ్రీకాంత్ తివారీ తుపాకీ పట్టినప్పటికన్నా, తానేం పని చేస్తున్నాడో ఇంట్లో దాచేటప్పుడే నాకు టెన్షన్. (తీసిన రాజ్, డీకే మన సీమ పిల్లోళ్లే, చిత్తూరు జిల్లా వైపు.) రెండో సీజన్లో సమంత చేసిన రాజి ఫైట్లు మాత్రం అదిరిపోయాయి, ఒప్పుకుంటా. కాబట్టి ఆ వాక్యాన్ని ‘కథకు అక్కర్లేని ఫైట్లు ఎక్కువైతే’ అని మార్చాను.