రాణి పోయాక వచ్చిన కుర్చీలు
క్వీన్ యాన్ శైలి అంటే ఇంగ్లండు రాణి యాన్ కాలంలో కట్టిన ఇళ్లు, చేసిన సామాను అని ఓ వ్యాసంలో తేల్చేశారు. సగమే నిజం. ఆమె ఇంగ్లండును ఏలింది 1702 నుంచి 1714 దాకా, పట్టుమని పన్నెండేళ్లు. అప్పటి ఇటుక ఇళ్లను అలా అనడం సరే. కానీ ఆ పేరుతో చెప్పుకునే వంపు కాళ్ల కుర్చీలు చాలావరకు ఆమె పోయాక వచ్చినవే. అమెరికాలో అవి 1720ల తర్వాతే ఊపందుకున్నాయి. ఇళ్ల సంగతి ఇంకా విచిత్రం. 1870ల్లో లండన్‌లో నార్మన్ షా లాంటి ఆర్కిటెక్టులు ఎర్ర ఇటుక, తెల్ల కిటికీలతో కొత్త ఇళ్లు కడితే వాటికీ ఆమె పేరే తగిలించారు. అది అమెరికా చేరేసరికి మూలన బురుజు, చుట్టూ వరండా, చేప పొలుసుల్లాంటి చెక్క పలకలు! ఆ రాణి చూస్తే నోరు వెళ్లబెట్టేది. సియాటిల్‌లో మేం క్వీన్ యాన్ హిల్ మీద అద్దెకుండేవాళ్లం. ఆ కొండకు పేరొచ్చింది కూడా రాణి వల్ల కాదు, అక్కడ కట్టిన ఈ తరహా ఇళ్ల వల్ల. మా ఓనరమ్మ దగ్గర ఆ వంపు కాళ్ల కుర్చీ ఒకటి ఉండేది. వీపు పలక పూలకూజా ఆకారంలో, ముందు కాళ్లు పైన ఉబ్బి కింద సన్నబడి, అచ్చం మేక కాళ్లలా. కూర్చోవాలంటే టెన్షన్, మూడొందల ఏళ్ల నాటిది విరుగుతుందేమోనని. ఓసారి ఇల్లు సర్దుతూ తిరగేస్తే అడుగున ఫ్యాక్టరీ లేబుల్, 1950ల నాటిది.