పెద్ద ఫైల్ కనబడితే డిలీట్ కొట్టమంటున్న ఆ మెసేజ్ గురించి

"పాత కంప్యూటర్‌లో మెయిల్ తెరుచుకోవట్లేదా? వర్డ్ నత్తనడక నడుస్తోందా? మెకానిక్ దగ్గరికి పోకుండా ఎనిమిది చిట్కాలు" అనే మెసేజ్ పది రోజుల నుంచి హన్మకొండ, కాజీపేట గ్రూపులన్నీ తిరుగుతోంది. పొద్దున కాలనీ గ్రూపులో ఒకరు పెడితే, సాయంత్రానికి రిటైర్డ్ సార్ల గ్రూపులో ఇంకొకరు "చాలా ఉపయోగకరం, భద్రపరుచుకోండి" అని పెడుతున్నారు. పంపేవాళ్లది మంచి మనసే. అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నది. కానీ ఆ ఎనిమిదిలో మూడోది చదివినంక ఊరుకోవడం తప్పు అనిపిస్తోంది. ముందు దాని సంగతే తేలుద్దాం.

మూడో చిట్కా ఇది: "సి డ్రైవ్ నిండిపోతే డాట్ పీఎస్టీ, డాట్ ఓఎస్టీ అని ఉండే పెద్ద ఫైళ్లను షిఫ్ట్ డిలీట్ చేయండి. అవుట్‌లుక్ తెరవగానే అవి మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి."

అవుట్‌లుక్ అంటే మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో వచ్చే మెయిల్ ప్రోగ్రామ్. పీఎస్టీ, ఓఎస్టీ అనేవి అది మెయిళ్లు దాచుకునే ఫైళ్లు. ఓఎస్టీ విషయంలో ఇది చాలావరకు నిజం. ఓఎస్టీ అనేది సర్వర్‌లో, అంటే మెయిల్ కంపెనీ కంప్యూటర్‌లో, ఉన్న మెయిల్‌కు నకలు. తీసేస్తే మళ్లీ వస్తుంది. అక్కడా ఒక మెలిక ఉంది. ఐమ్యాప్ ఖాతాలో (మెయిల్ సర్వర్‌లోనే ఉండి, మన దగ్గర నకలు కనిపించే రకం) "దిస్ కంప్యూటర్ ఓన్లీ" అని పక్కన రాసి ఉండే కాంటాక్టులు, క్యాలెండర్ ఆ ఫైల్‌లోనే ఉంటాయి. సర్వర్‌లో ఉండవు. పోతే పోయినట్టే. ఇక అవుట్‌లుక్ 2010లోనైతే ఐమ్యాప్ ఖాతాకు కూడా పీఎస్టీయే తయారవుతుంది. కాబట్టి ఫైల్ పేరు చివర ఏముందో చూసి తీర్పు చెప్పడమే తప్పు.

పాప్ అనేది ఇంకో రకం ఖాతా. దాని పీఎస్టీ నకలు కాదు, అసలు. మెయిల్ సర్వర్ నుంచి దిగి ఇంట్లో కంప్యూటర్‌లో కూర్చుంటుంది. సర్వర్‌లో కాపీ ఉంచమన్న టిక్కు ఉన్నా, అవుట్‌లుక్ మామూలు సెట్టింగ్ ప్రకారం 14 రోజుల తర్వాత అక్కడ తీసేస్తుంది. మనం పంపిన మెయిళ్లు చాలా సర్వర్లలో అసలు ఉండనే ఉండవు. సెంట్ ఐటమ్స్ అంతా ఆ పీఎస్టీలోనే. ఎనుమాముల మార్కెట్ దిక్కు అడ్తి దుకాణంలో పదేళ్ల బిల్లుల మెయిళ్లు, సుబేదారిలో పెన్షన్ కాగితాల కోసం ఆఫీసులతో నడిపిన ఉత్తరాలు, అన్నీ ఒకే ఫైల్‌లో ఉంటాయి. దాన్ని షిఫ్ట్ డిలీట్ కొట్టమని, మళ్లీ డౌన్‌లోడ్ అవుతుందని చెబుతున్నారు! ఎక్కడి నుంచి అవుతుంది? షిఫ్ట్ నొక్కితే రీసైకిల్ బిన్‌లోకి కూడా పోదు. ఇది రాసినవాళ్లు ఒక్క పాప్ ఖాతానైనా తెరిచి చూడకుండా ఇంతమంది చేత ఫార్వర్డ్ చేయిస్తున్నారు. కోపం రాక ఏమొస్తుంది?

ఇప్పటికే డిలీట్ కొట్టినవాళ్లుంటే, వెంటనే ఆ కంప్యూటర్‌లో ఇంకేమీ చేయకుండా ఆపేయండి. పాత హార్డ్ డిస్క్ అయితే, దాని మీద కొత్త డేటా పడనంతవరకు రికవరీకి ఆశ ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్క్) అయితే ఆశ దాదాపు లేనట్టే. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేయొద్దు, పోయిన ఫైల్ మీదనే అది పడొచ్చు.

ఇంకా డిలీట్ చేయనివాళ్లు ఇట్లా చూసుకోండి. అవుట్‌లుక్‌లో ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్, మళ్లీ అకౌంట్ సెట్టింగ్స్. ఈమెయిల్ ట్యాబ్‌లో ఖాతా పేరు పక్కన టైప్ అనే గడిలో పాప్ అని ఉందా, ఐమ్యాప్ అని ఉందా తెలుస్తుంది. పక్కన డేటా ఫైల్స్ ట్యాబ్‌లో ఫైల్ ఎక్కడుందో పూర్తి దారి ఉంటుంది. 2010, ఆ తర్వాతి అవుట్‌లుక్‌లలో అయితే మామూలుగా డాక్యుమెంట్స్‌లో అవుట్‌లుక్ ఫైల్స్ అనే ఫోల్డర్. అవుట్‌లుక్ మూసేసి, టాస్క్ మేనేజర్‌లో అది నిజంగా ఆగిందో లేదో చూసి, అప్పుడు ఆ ఫైల్‌ను బయటి డ్రైవ్‌కు కాపీ చేయండి. పదహారు జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉన్నా ఆరు జీబీ ఫైల్ ఎక్కట్లేదని చాలామంది పరేషాన్ అవుతారు. ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 అనే పాత ఫార్మాట్‌లో ఉండడమే కారణం. దాంట్లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట దాచుకుని, ఎక్స్‌ఫ్యాట్‌గా గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా గానీ ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది.

కాపీ దాచుకున్నంకే సైజు తగ్గించే పని. పెద్ద అటాచ్‌మెంట్లున్న మెయిళ్లు తీసేసి, డిలీటెడ్ ఐటమ్స్ ఖాళీ చేసినా ఫైల్ సైజు అంతే ఉంటుంది. లోపల ఖాళీ జాగా మిగులుతుంది తప్ప ఫైల్ చిన్నగా కాదు. డేటా ఫైల్స్ ట్యాబ్‌లో ఆ ఫైల్‌ను ఎంచుకుని, సెట్టింగ్స్‌లో కాంపాక్ట్ నౌ నొక్కితేనే తగ్గుతుంది. పెద్ద ఫైల్ అయితే గంటలు పట్టొచ్చు, రాత్రి పెట్టి వదిలేయండి.

అవుట్‌లుక్ తెరుచుకోకుండా "డేటా ఫైల్ సరిగా మూయలేదు" అని మొరాయిస్తే, చాలాసార్లు కారణం కరెంటు. మే నెలలో గాలిదుమారం లేచి కరెంటు పోయినప్పుడు పీఎస్టీ తెరిచి ఉంటే దాని లోపలి పట్టికలు సగంలో తెగుతాయి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్, నార్మల్ అని ఒక స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే ఫ్యాన్ ఆగకపోయినా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, మారే ఆ క్షణం దానికి ఎక్కువ. ఆ స్విచ్ యూపీఎస్ దిక్కు మార్చండి. తెగిన ఫైల్‌ను అతికించడానికి స్కాన్‌పీఎస్టీ అనే పనిముట్టు ఆఫీస్‌తోనే వస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఫోల్డర్ కింద, 2010కి ఆఫీస్ 14లో, 2013కి ఆఫీస్ 15లో, ఆ తర్వాతి వాటికి ఆఫీస్ 16లో ఉంటుంది. అవుట్‌లుక్ మూసి, అసలు ఫైల్‌ను దాచి, కాపీ మీద నడపండి. ఒకసారికి అన్నీ కుదరవు. తప్పులేమీ లేవని చెప్పేదాకా మళ్లీ మళ్లీ నడపాలి.

ఇక మిగతావి. ఒకటో చిట్కా, డెస్క్‌టాప్ మీద పదిసార్లు రీఫ్రెష్ కొట్టడం. దాంతో ఐకాన్లు మళ్లీ గీసుకుంటాయి, అంతకుమించి ఏమీ జరగదు. రెండోది, రోజూ టెంప్ (తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్), ప్రీఫెచ్ ఖాళీ చేయడం. ప్రీఫెచ్ అనేది ప్రోగ్రాములు త్వరగా తెరవడానికి విండోస్ రాసుకునే చీటీలు. రోజూ చింపేస్తే రోజూ మళ్లీ రాసుకుంటుంది. టెంప్ అప్పుడప్పుడు ఖాళీ చేయొచ్చు గానీ ఒక జాగ్రత్త. మెయిల్‌లో వచ్చిన వర్డ్ ఫైల్‌ను అక్కడికక్కడే తెరిచి, దిద్ది, సేవ్ కొడితే అది అవుట్‌లుక్ తాత్కాలిక ఫోల్డర్‌లో పడుతుంది. ఇంటర్నెట్ తాత్కాలిక ఫైళ్లన్నీ ఊడ్చేస్తే మీరు రెండు గంటలు దిద్దింది కూడా పోతుంది. ముందు డాక్యుమెంట్స్‌లోకి సేవ్ యాజ్ చేసి, అప్పుడు దిద్దడం మొదలుపెట్టండి.

నాలుగోది: "అవుట్‌లుక్ మాటిమాటికీ పాస్‌వర్డ్ అడిగితే ఖాతా హ్యాక్ అయినట్టే, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి." ఇది నష్టం చేసే సలహాల్లో రెండోది. జీమెయిల్ 2022 మే 30 నుంచి, పాత సాఫ్ట్‌వేర్‌లో మామూలు పాస్‌వర్డ్‌ను ఒప్పుకోవడం మానేసింది. పాత అవుట్‌లుక్‌కు కావాల్సింది యాప్ పాస్‌వర్డ్, అంటే ఆ ఒక్క ప్రోగ్రామ్ కోసం గూగుల్ ఇచ్చే వేరే పాస్‌వర్డ్. గూగుల్ ఖాతాలో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని, యాప్ పాస్‌వర్డ్ తీసుకుంటే 16 అక్షరాలు ఇస్తుంది. వాటిని మధ్యలో ఖాళీలు లేకుండా అవుట్‌లుక్‌లో పాస్‌వర్డ్ గడిలో వేయాలి. సర్వర్ సెట్టింగుల్లో ఐమ్యాప్‌కు పోర్టు 993, ఎస్‌ఎస్‌ఎల్. పంపడానికి 465 ఎస్‌ఎస్‌ఎల్, లేదా 587 టీఎల్‌ఎస్. అప్పటికే యాప్ పాస్‌వర్డ్ పెట్టుకుని పని నడుస్తున్నవాళ్లు ఈ మెసేజ్ నమ్మి అసలు పాస్‌వర్డ్ మారిస్తే, గూగుల్ పాత యాప్ పాస్‌వర్డ్‌లన్నిటినీ రద్దు చేస్తుంది. అప్పటిదాకా మంచిగ నడిచిన మెయిల్ ఆగుతుంది, "చూశారా, హ్యాకే" అని భయం ఇంకా పెరుగుతుంది. హాట్‌మెయిల్, అవుట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు 2024 సెప్టెంబర్ 16 తర్వాత యాప్ పాస్‌వర్డ్ దారి కూడా మూసేశారు. అవుట్‌లుక్ 2010 ఉన్నవాళ్లు ఆ మెయిల్‌ను బ్రౌజర్‌లోనో థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రామ్‌లోనో చూసుకోవాల్సిందే. విండోస్ 7 మీద నడిచే చివరి థండర్‌బర్డ్ 115.

సర్టిఫికెట్ (సర్వర్ అసలుదేనని చూపే గుర్తింపు) సరిగా లేదని చెబుతూ మెయిల్ ఆగిందా? ముందు కుడివైపు కింద గడియారం చూడండి. కంప్యూటర్ పెట్టిన ప్రతిసారీ తేదీ ఏ 2009కో పోతుంటే, మదర్‌బోర్డు మీద, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే సీమాస్ సెల్ అయిపోయింది. సీఆర్ 2032 అనే మూడు వోల్టుల గుండ్రటి బిళ్ల, వాచీల దుకాణంలోనూ దొరుకుతుంది. తేదీ తప్పితే సర్వర్ సర్టిఫికెట్ గడువు లెక్క కుదరక మెయిల్, బ్రౌజర్ రెండూ ఆగుతాయి. మార్చేముందు ఒక పని తప్పక చేయండి. బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే కంప్యూటర్ సెట్టింగులు) తెరల ఫోటో ఫోన్‌లో తీసుకోండి. సెల్ తీస్తే ఆ సెట్టింగులు మొదటికి వస్తాయి. వాటిలో డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, అంటే సాటా మోడ్, ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి, లేదా అటునుంచి ఇటు మారితే విండోస్ నీలం తెర చూపించి ఆగిపోతుంది. అప్పుడు హార్డ్ డిస్క్ పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. ఫోటో చూసి మోడ్ తిరిగి పెడితే చాలు. ప్లగ్గు పీకి, సెల్ మీద ప్లస్ గుర్తున్న వైపు పైకి పెట్టండి.

ఐదోది: "వర్డ్‌లో తెలుగు అక్షరాలు పిచ్చిపిచ్చిగా కనిపిస్తే వైరస్, ఫార్మాట్ కొట్టించండి." ఏం వైరస్! డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించిన ఫైల్‌ను ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అట్లనే కనిపిస్తుంది. ఆ పద్ధతిలో ఫైల్ లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంఖ్యలే. ఫాంటు వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఫాంటు లేకపోతే డాలర్లు, తోకలున్న రోమన్ అక్షరాలు బయటపడతాయి. ఆ ముక్కను సెలెక్ట్ చేసి పైన ఫాంటు పేరు చూడండి, విషయం తెలుస్తుంది. ఫార్మాట్ కొట్టిస్తే మీ దగ్గర ఉన్న అను ఫాంట్లు కూడా పోయి, ఇప్పుడు మంచిగ కనిపించే ఫైళ్లు కూడా ఇట్లనే అవుతాయి. చదవడానికే అయితే ఆ సెంటర్ వాళ్లను పీడీఎఫ్ చేసి పంపమనండి. దిద్దాలంటే యూనికోడ్‌లోకి (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండే పద్ధతి) మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి కాబట్టి ఒకసారి చదివి సరిచేసుకోవాలి. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే అది వేరే సంగతి, యూనికోడ్ తెలుగు ఫాంటు లేదని అర్థం.

ఆరోది, యాంటీవైరస్ పూర్తిగా ఆపేయమనడం. ఆపేయొద్దు. అయితే దీని వెనక ఒక నిజం ఉందని ఒప్పుకోవాలి. కొన్ని యాంటీవైరస్‌లు మెయిల్ రాకపోకల మధ్యలో నిలబడి ప్రతి మెయిల్‌నూ వెతుకుతాయి, పాత కంప్యూటర్‌లో పంపే మెయిల్ అవుట్‌బాక్స్‌లోనే ఇరుక్కుంటుంది. ఆ ఒక్క ఈమెయిల్ స్కాన్ ముక్కను ఆపండి. అటాచ్‌మెంట్ తెరిచేటప్పుడు మిగతా యాంటీవైరస్ ఎట్లాగూ చూస్తుంది.

ఏడోదానిలో రెండు ముక్కలు. ఆఫీస్ గడువు ముగిసిందంటే ఫలానా లింకులో యాక్టివేటర్ (కొనకుండానే ఆఫీస్ నడిపించే దొంగ ప్రోగ్రామ్) దించుకోమని మొదటి ముక్క. యాంటీవైరస్ ఆపితేనే పనిచేసే ప్రోగ్రామ్‌ను, బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే కంప్యూటర్‌లో ఎక్కించమంటున్నారు. వద్దు. ఉత్తరాలు, లెక్కలకు లిబ్రెఆఫీస్ ఉచితం. వర్డ్ ఆలస్యంగా తెరుచుకుంటే కొత్త కంప్యూటర్ కొనాలన్నది రెండో ముక్క. ముందు డిఫాల్ట్ ప్రింటర్ చూడండి. ఎప్పుడో తీసేసిన ప్రింటర్, లేదా ఆఫీసులో ఉండే నెట్‌వర్క్ ప్రింటర్ డిఫాల్ట్‌గా ఉంటే, వర్డ్ తెరిచిన ప్రతిసారీ దాన్ని పిలిచి జవాబు కోసం ఎదురుచూస్తుంది. డిఫాల్ట్‌ను ప్రింట్ టు పీడీఎఫ్‌కు మార్చి చూడండి. అప్పటికీ ఆలస్యమైతే, కంట్రోల్ బటన్ పట్టుకుని వర్డ్ ఐకాన్ నొక్కండి, సేఫ్ మోడ్‌లో తెరవనా అని అడుగుతుంది. అందులో చురుగ్గా ఉంటే తప్పు యాడ్ ఇన్‌లది (వర్డ్‌కు తగిలించిన అదనపు ప్రోగ్రాములు), ఒక్కొక్కటి తీసి చూడండి. రెండూ కాకపోతే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వంద శాతం దగ్గర నిలబడిందా చూడండి. నిలబడితే 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేయించుకుంటే చాలు, కొత్త కంప్యూటర్ ఖర్చు తప్పుతుంది. ర్యామ్ కొనేముందు మాత్రం విండోస్ 32 బిట్టా, 64 బిట్టా చూసుకోండి. 32 బిట్ ఇంటి విండోస్‌కు 4 జీబీకి మించి వేసినా అది వాడుకోలేదు.

ఎనిమిదోది చూసి నవ్వినవాళ్లున్నారు: "షట్‌డౌన్ చేసి మళ్లీ పెడితే సరిపోదు, రీస్టార్ట్ కొట్టండి." ఈ ఒక్కటీ నూటికి నూరుపాళ్లు నిజం. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. షట్‌డౌన్ కొడితే విండోస్ లోపలి భాగం నిజంగా ఆగదు, ఉన్న స్థితిని డిస్క్ మీద దాచుకుని మర్నాడు అదే తెస్తుంది. ఇరుక్కున్న ప్రింటర్ డ్రైవర్ ఇరుక్కునే లేస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రమే అంతా కొత్తగా మొదలవుతుంది. రాత్రి పూర్తిగా ఆపాలనుకుంటే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి.