సవరణ: అంతరిక్షంలో ఎండ పది రెట్లు కాదు

కావలిలో మేడల మీద సోలార్ గురించి నిన్న పెట్టిన పోస్టులో, అంతరిక్షంలో ఎండ నేల మీదకన్నా పది రెట్లు ఎక్కువని రాశాను. అది తప్పు. వాతావరణం పైన చదరపు మీటరుకు దాదాపు 1361 వాట్లు; ఇక్కడ మబ్బులేని మిట్టమధ్యాహ్నం సుమారు 1000. అసలు లాభం వేరే ఉంది: భూస్థిర కక్ష్యలో (భూమితో పాటే తిరుగుతూ ఎప్పుడూ ఒకేచోటి పైన ఉండే దారిలో), విషువత్తుల (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల) చుట్టుపక్కల కొన్ని వారాలు రోజూ కాసేపు తప్ప, రాత్రంటూ ఉండదు. అక్కడ ఎండను పట్టి ఆ శక్తిని భూమికి పంపాలన్న ఆలోచనను అమెరికా ఇంజనీరు పీటర్ గ్లేజర్ 1968లోనే ముందుకు తెచ్చారు.

ఇంకో తప్పు దీనికన్నా పెద్దది. అద్దాలతో ఎండను ఒకచోటికి చేర్చే పద్ధతి మబ్బు పట్టినా పనిచేస్తుందన్నాను. పనిచేయదు. దానికి సూర్యుడి నుంచి తిన్నగా వచ్చే కిరణాలే కావాలి, చెదిరిన వెలుతురును అద్దం ఒకచోట చేర్చలేదు. మామూలు సోలార్ ప్యానెళ్లు ఆ వెలుతురులోనూ కొంత కరెంటు ఇస్తాయి. నవంబరు ముసురు పట్టే మన నెల్లూరు వైపు ఈ తేడా చిన్నది కాదు. నా మాట నమ్మి అద్దాల ధర వాకబు చేస్తున్న ఒంగోలు మిత్రుడు దయచేసి ఆగాలి.