నా మెదడు కోయబోయే డాక్టరు గారికి

అయ్యా,

నా తదనంతరం నా మెదడును దానం చేయాలని నిశ్చయించుకున్నాను. కళ్లూ కిడ్నీలూ ఎవరైనా ఇస్తారు. పదిహేడేళ్లపాటు బెంగళూరులో మారతహళ్లికీ సిల్క్ బోర్డుకూ మధ్య ట్రాఫిక్‌లో నానిన తెలుగువాడి మెదడు శాస్త్రానికి అంత సులువుగా దొరకదని నా అభిప్రాయం. మన అపార్ట్‌మెంట్‌లోనే అలాంటివి నూట ఇరవై దాకా ఉన్నాయని మా ఆవిడ అభిప్రాయం. కుక్కర్ మూడు విజిళ్లు రాగానే స్టవ్ కట్టేయమని చెప్పి ఆవిడ ఇప్పుడే కింద నడకకు వెళ్లింది. ఈ కాస్త ప్రశాంతతలో మీకు కొన్ని ముందస్తు సూచనలు రాసిపెడుతున్నాను. రేపు కోసి చూసి కంగారు పడకూడదు కదా.

ఈ ఆలోచన హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అనే మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రిలో పుట్టింది. అక్కడ మెదళ్ల మ్యూజియం ఉంది. ఊరినుంచి వచ్చిన బావమరిదికి లాల్‌బాగ్, విధానసౌధ అయిపోయాక ఇంకేం చూపించాలో తోచక తీసుకెళ్లాను. చేతికి తొడుగులిచ్చి అసలు మెదడునే పట్టుకోనిచ్చారు. తలలో ఉన్నప్పుడు అది జున్నుముక్కలా మెత్తగా ఉంటుంది, ఫార్మలిన్‌లో ఊరాక గట్టిపడుతుంది. మావాడికి ఒంగోలులో కిరాణా కొట్టుంది, చేత్తోనే తూకం చెప్పేస్తాడు. అటూ ఇటూ ఆడించి చూసి, "కేజీ మూడొందలు ఉంటుంది బావా" అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. సగటు మనిషి మెదడు 1,300 నుంచి 1,400 గ్రాములు. "ఇంత చిన్నదానికా బావా మీకు అన్ని లక్షలిస్తారు?" అని కూడా అడిగాడు. నేను పక్క సీసా కేసి చూస్తూ ఉండిపోయాను.

ఆ లక్షలు నిజానికి మొత్తం మెదడుకు ఇవ్వరు. నుదుటి వెనకాల ఉండే ఫ్రంటల్ లోబ్ పేరు మీద ఇస్తారు. ప్లాను వేయడం, తొందరపాటును ఆపుకోవడం, నలుగురిలో ఎలా మసలుకోవాలో చూసుకోవడం దాని పని. అందులో ముందు భాగం పూర్తిగా తయారయ్యేసరికి మనకు పాతికేళ్లు వస్తాయి. కాలేజీలో ఎంచుకున్న బ్రాంచి, బాండు మీద పెట్టిన సంతకం, మొదటి బండి లోను, మొదటి ప్రేమ అన్నీ అప్పటికే అయిపోయి ఉంటాయి. పెళ్లయ్యాక పంతులు గారొచ్చినట్టు అది తీరిగ్గా వచ్చి అక్షింతలు అడుగుతుంది.

ఆ భాగం దెబ్బతింటే ఏమవుతుందో చెప్పడానికి అందరూ ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీ కథ చెబుతారు. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో, రైలుమార్గం కోసం బండరాతిలో మందు కూరుతుంటే అది పేలింది. మూడున్నర అడుగుల ఇనప కడ్డీ ఆ మేస్త్రీ ఎడమ చెంప దగ్గర దూరి నడినెత్తిన బయటికి వచ్చింది. మనిషి బతికాడు, మాట్లాడాడు. కానీ నెమ్మదస్తుడు కాస్తా నోటిదురుసు మనిషయ్యాడని, ఏ నిర్ణయం మీదా నిలబడట్లేదని, ఈయన మన గేజ్ కాదని తెలిసినవాళ్లు అన్నారు. చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. మా ఊరికి పనికొచ్చే సంగతి ఆ తర్వాత ఉంది. ఆయన చిలీ దేశం వెళ్లి, ఏళ్ల తరబడి ప్రయాణికుల గుర్రబ్బండి తోలాడు. అంటే ఫ్రంటల్ లోబ్ కొంత పోయినా బండి నడపడానికి అడ్డేమీ లేదు. సాయంత్రం ఆరున్నరకు ఔటర్ రింగ్ రోడ్డులో నిలబడి చూస్తే ఇది చిలీకే పరిమితం కాదని కూడా తెలుస్తుంది. ఫుట్‌పాత్ మీద దూసుకెళ్తున్న బైకు, దాని మీద మెడలో ఐడీ కార్డు ఊగుతున్న పెద్దమనిషి. ఆయన తలలో ఏ కడ్డీ దూరలేదు. నేనూ ఎక్కించాను, మూడుసార్లు. సరే, నాలుగు. కాబట్టి నా నుదుటి వెనక గాయం మచ్చ కోసం దయచేసి వెతక్కండి.

ఇంకాస్త లోపలికి వెళ్తే రెండు వైపులా బాదంగింజల్లాంటివి కనిపిస్తాయి. అమిగ్డలా అంటారు. గ్రీకులో ఆ మాటకు అర్థం బాదమే. భయం దాని శాఖ. తాడును చూసి పామనుకోవడం గురించి మన వేదాంతులు వందల ఏళ్లు వాదించుకున్నారు. బాదంగింజ వాదించదు. అది తాడో పామో పైవాళ్లు తేల్చేలోపే గుండె వేగం పెంచి గంతేయిస్తుంది. నావి మామూలు కన్నా పెద్దవిగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. మారతహళ్లిలో నాకు పాము ఎదురైంది లేదు. శుక్రవారం సాయంత్రం మడివాళలో ఊరి బస్సు ఎక్కడానికి బ్యాగు జిప్పు లాగుతుండగా, "రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" అని మేనేజరు దగ్గర్నుంచి మెసేజ్ వస్తుంది. అంతే.

ఇక భాష. నా దానంలో అసలు విలువైన ముక్క ఇదే.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడి దగ్గరికి ఒక రోగి వచ్చాడు. ఏమడిగినా "టాన్" అనేవాడు, మహా అయితే "టాన్ టాన్". ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. కొద్దిరోజులకే చనిపోయాడు. తల తెరిస్తే ఎడమవైపు ముందు భాగంలో దెబ్బతిన్న చోటు కనిపించింది. మాటను పుట్టించే ఆ చోటుకు బ్రోకా పేరే స్థిరపడింది. 1874లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు దానికి వెనకగా ఇంకో చోటు చూపించాడు. అది మాటను అర్థం చేసుకునే చోటు. మొదటిది పాడైతే అర్థమై కూడా మాట పెగలదు. రెండోది పాడైతే మాట ధారాళంగా వస్తుంది గానీ అందులో అర్థం ఉండదు. రెండో రకం వాళ్లకు మా ఆఫీసులో ప్రమోషన్లు వచ్చాయి, అది వేరే వ్యాసం.

నాది మొదటి రకం. పదిహేడేళ్లుగా కన్నడ నేల మీద ఉన్నాను. ఆటో అతను చెప్పేది అర్థమవుతుంది, వాచ్‌మన్ నా గురించి పక్కవాడికి చెప్పేదీ అర్థమవుతుంది. బోర్డుల మీద రాత, తలకట్టు కాస్త మార్చుకుని చూస్తే, సగం మన లిపే. నోట్లోంచి మాత్రం ఒక్కటే వస్తుంది: "కన్నడ గొత్తిల్ల." దాన్ని కూడా ఎంత స్వచ్ఛంగా పలుకుతానంటే, విన్నవాళ్లు నన్ను మండ్యవాడని అనుమానిస్తారు. ఆ పారిస్ ఆయనకు కనీసం జబ్బుంది. నాకు ఏమీ లేదు. అదే శాస్త్రానికి సవాలు.

పోలిక కోసం మా అత్తగారి మెదడు కూడా చూడగలిగితే బాగుండేది, కానీ ఆవిడ ఇవ్వరు. వచ్చిన మూడో రోజే వీధి చివర సొప్పు, అంటే ఆకుకూరలు, అమ్మే ఆవిడతో అరగంట నిలబడి మాట్లాడారు. ఈవిడకు కన్నడ రాదు, ఆవిడకు తెలుగు రాదు. తిరిగొచ్చేసరికి మెంతికూర కట్టకు ఐదు రూపాయలు తగ్గింది, ఆవిడ కూతురు కాన్పుకు ఎప్పుడు వస్తోందో మాకు తెలిసింది. "ఏ భాషలో మాట్లాడారత్తయ్యా?" అనడిగాను. "మాట్లాడుకోడానికి భాషేంటి బాబూ?" అన్నారు. బ్రోకా, వెర్నికే ఇద్దరూ దీన్ని గమనించినట్టు లేదు.

సముద్రగుర్రం ఆకారంలో హిప్పోకాంపస్ అని ఒకటుంటుంది. కొత్త జ్ఞాపకాలు నిలవాలన్నా, దారులు గుర్తుండాలన్నా అదే దిక్కు. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం సుమారు 25,000 వీధులు కంఠస్థం చేస్తారు. 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం వాళ్ల తలలు స్కాన్ చేస్తే, ఆ సముద్రగుర్రం వెనక భాగం మామూలువాళ్ల కన్నా పెద్దగా కనిపించింది. నాది ఎండుచేపలా ఉంటుంది. నాలుగో క్రాసు తర్వాత ఐదోది వస్తుందని నమ్మి ఈ ఊళ్లో రెండుసార్లు మోసపోయాక దారుల బాధ్యత ఫోనుకు ఒప్పగించాను.

వెనకాల కింద, జడ మొదలయ్యే చోట అనుమస్తిష్కం, అంటే చిన్న మెదడు, ఉంటుంది. మీకు తెలియనిది కాదు గానీ, దీని విషయంలో జరిగిన అన్యాయం రికార్డులో ఉండాలి. మెదడు మొత్తంలో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. అందులో దాదాపు 6,900 కోట్లు ఇక్కడే ఉన్నాయి. బరువు చూస్తే మొత్తంలో పదోవంతు. ఇరుకు గదిలో పీజీ కుర్రాళ్లను కుక్కినట్టు కుక్కారు. వానపడ్డ రోజు గుంతల మధ్య స్కూటరు, కాళ్ల దగ్గర ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, వీపున ల్యాప్‌టాప్, అయినా పడకుండా ఇల్లు చేరామంటే ఆ కుర్రాళ్ల చలవే. నా పదిహేడు అప్రైజళ్లలో ఒక్కదాంట్లోనూ వాళ్ల పేరు లేదు. దాని ముందున్న మజ్జాముఖం సంగతి ఇంకా దారుణం. ఊపిరి, గుండె, దగ్గు, వాంతి చూసుకుంటుంది, పుట్టినప్పటి నుంచి సెలవు లేదు. రాయడానికి ఇంకేమీ లేదు, దాని మీద నాకెప్పుడూ కంప్లైంట్ రాలేదు.

మొన్న ఆఫీసువాళ్లు మమ్మల్ని రిసార్టుకు తీసుకెళ్లినప్పుడు ఒక ట్రైనరు స్టేజీ ఎక్కి, మనిషి తన మెదడులో పది శాతమే వాడతాడని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఇది ఎప్పుడో తప్పని తేలిన మాట. నిద్రలో కూడా మెదడంతా ఏదో ఒక పనిలోనే ఉంటుంది. పైగా ఒంటి బరువులో రెండు శాతం ఉండే ఈ పదార్థం, మనం తిన్నదాంట్లో ఇరవై శాతం శక్తిని మింగేస్తుంది. తొంభై శాతం మందిని ఖాళీగా కూర్చోబెట్టి ఐదో వంతు బడ్జెట్ తినే డిపార్ట్‌మెంట్‌ను ఏ కంపెనీ అయినా ఒక్క క్వార్టర్ ఉంచుతుందా? ప్రకృతి లక్షల ఏళ్లు ఎలా ఉంచింది? చెయ్యెత్తి అడుగుదామనుకున్నాను. ఫ్రంటల్ లోబ్ ఆపేసింది. ఈ ఏడాదిలో అది చేసిన పని అదొక్కటే.

చివరగా థాలమస్. ఇది మా అపార్ట్‌మెంట్ గేటు లాంటిది. కంటికి కనిపించింది, చెవిన పడింది, ఒంటికి తగిలింది, ఏదైనా సరే ఇక్కడ ఎంట్రీ రాయించుకునే పైకి వెళ్లాలి. ఒక్క వాసనకు మాత్రం మినహాయింపు. అది గేటు దగ్గర ఆగకుండా తిన్నగా లోపలికి, జ్ఞాపకాలూ భయాలూ ఉండే పక్కింటికి వెళ్లిపోతుంది. అందుకే అమ్మ పంపిన ఆవకాయ జాడీ మూత తీస్తే, ఏం వాసనో తెలిసేలోపే నేను ఒంగోలులో ఉంటాను. అందుకే

డాక్టరు గారూ, క్షమించాలి. విజిళ్లు ఎన్ని వచ్చాయో, చెవి పంపిన కబురు గేటు దగ్గరే ఆగిపోయినట్టుంది. మాడిన కందిపప్పు వాసన మాత్రం నేరుగా వచ్చేసింది. బయట లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడైంది, బాదంగింజలు రెండూ లేచి నిలబడ్డాయి. దానపత్రంలో దగ్గరి బంధువు సంతకం గడి ఇంకా ఖాళీగా ఉంది. అది ఆవిడే పెట్టాలి.