వంకర కాదు సామీ, వార్ప్

వానలు పట్టుకోంగానే మా తిరుపతి ఇంటి తలుపు మూసుకోవడం మానేసింది. కింద మూల గడపకి తగలతాది, పైమూల దగ్గర వేలు దూరేంత సందు. తలుపు చేసిన వడ్రంగి ఆచారిని పిలిపించి ఏందప్పా ఈ వంకర అంటే, ఆయన తలుపుని పైకీ కిందకీ చూసి "వంకర కాదు సామీ, వార్ప్ అయ్యింది" అన్నాడు. అంతే, తప్పు ఆయన చేతుల్లోనించి జారి ప్రకృతి మీద పడింది. వంకరంటే ఎవురో ఒకరు చేసుండాల, వార్ప్ అయితే దానంతట అదే అయిపోతాది.

ఇంత మహిమ ఉండే మాట యాడ పుట్టిందో కనుక్కోవడం పౌరుడిగా నా బాధ్యత కాబట్టి తిరగేసినా. పాత ఇంగ్లీషులో వెయోర్పన్ అంటే విసరడం, జర్మనోళ్లు ఇప్పటికీ విసరడాన్ని వెర్ఫెన్ అనే అంటారు, నేల తవ్వి మట్టి ఎగదోసే ఒక చిన్న జంతువుకి ఇంగ్లీషోళ్ల పాత పేరు మౌల్డ్‌వార్ప్, అంటే మట్టి విసిరేది. ఆ విసురుడే పోనుపోను ఆకారం తప్పడం దాకా వచ్చింది.

నాకు మింగుడు పడంది వేరే ఉండాది. మన నగరి మగ్గాల మీద పడుగు అంటామే, దాన్నీ వార్ప్ అనే అంటారు! ఆ పోగులు బిగువుగా, తిన్నగా నిలబడితేనే పేక సాగేది. మగ్గంలో అన్నిటికన్నా తిన్నగా ఉండేదానికీ మా తలుపుకీ ఒకటే పేరు, ఇంత గొప్ప రాజీ ఏ పంచాయితీలో చూసినారు చెప్పండి. పైగా బరువు పక్కన స్థలమూ కాలమూ వంగతాయని ఐన్‌స్టీన్ 1915లో తేల్చినాక దానికీ ఇదే మాట అంటగట్టినారు. విశ్వమే వంగతా ఉంటే ఆచారిని ఏమని నిలదీసేది?

అయినా నిలదీసినా. చెక్క ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలాగా కుంచించుకోదు, మాను అడ్డకోతలో కనపడే వలయాల వెంబడి కుంచించుకునేది నడిమి వైపు కుంచించుకునేదానికి ఇంచుమించు రెట్టింపు, అందుకే పచ్చి చెక్కతో చేస్తే మెలి తిరగతాది, మరి పచ్చి చెక్క పెట్టిందెవురు అన్నా. ఎముకైతే పుత్తూరు కట్టుకి తీసకపోదును, తలుపుకి కట్టు ఎవురు కడతారు అని కూడా అన్నా.

ఆయన బీడీ ఆర్పి, "శేషాచలం ఎర్రచందనంలో నార వంపులు తిరిగిన దుంగకే జపానోళ్లు ఎక్కువ రేటు పెడతారు, తెలుసా సామీ" అన్నాడు.

బాకీ ఇంకో రెండు వేలు అడగతా ఉండాడు.